వసకొమ్ము: జవుకు మళ్లలో దాని సాగు

వాగుచుండువానిని చూచి "వీనికి వస పోసినారా?" యనుట మనలో వాడుక. వసకొమ్మును సాన మీద నరగదీసి పసిబిడ్డ నాలుకకు రాచినచో మాటలు త్వరగా వచ్చునని పెద్దల నమ్మకము. ఇంత వాడుకలో నున్నను, అంగడిలోని యెండుముక్కను దప్ప పచ్చని వస మొక్కను చూచిన రైతులు మాకు అరుదుగా తారసిల్లిరి.

వస నీటిపట్టు మొక్క. హిమాలయ ప్రాంతములందును, మణిపురమునందును బురద నేలలలో, వాగుల యొడ్డున దానంతట నదియే పెరుగును. ఆకులు కత్తులవలె రెండు మూడడుగులు నిలువుగా లేచును. నలిపినచో ఘాటైన పరిమళము వచ్చును. వాసన రానిది వస కాదు. పువ్వును చూచినవాడు పువ్వని యనుకొనడు. ఆకువంటి కాడ ప్రక్కనుండి పసుపు కలిసిన పచ్చని చిన్న కంకి కొమ్మువలె పొడుచుకొని వచ్చును. నేలలో నడ్డముగా ప్రాకు కాండమే మనము కొను వసకొమ్ము.

మన మడకశిర సీమకు పొరుగున నున్న తుమకూరు జిల్లా కొరటగెరె తాలూకాలో రైతులు దీనిని వరివలె మళ్లలో పండించుదురు. వరి కుళ్లిపోవు జవుకు మడి గలవారు ఈ పైరును గూర్చి యోచింపవచ్చును. మంచి వరిమడిని దీనికి విడువుమని మేము చెప్పము. వస భూమిని దాదాపు సంవత్సరమంతయు ఆక్రమించును. రెండు కార్ల వరి పండు చోట ఆ రెండును పోవును.

మడికి పశువుల యెరువు తోలి, బాగుగా దమ్ము చేయవలెను. మృగశిర మొదలు పునర్వసు కార్తెలోపల, మొలక గల కొమ్ముముక్కలను అడుగు కొకటి చొప్పున రెండంగుళముల లోతున నాటవలెను. గింజతో పని లేదు. లెక్క చూడుడు: సెంటునకు 435 ముక్కలు, ఎకరమునకు 43 వేలకు పైన. కావున తొలియేట రెండు మూడు సెంట్లలో నాటి, ఆ పంటనుండియే మరుసటి యేటికి విత్తనము సమకూర్చుకొనుట మేలు. మొదట రెండంగుళముల నీరు, మొక్క పెరిగిన పిమ్మట నాలుగంగుళములు నిలుపవలెను. మడి యారరాదు. రెండు మూడు మారులు కలుపు తీయవలసి వచ్చును. తీసిన ప్రతిసారియు మొక్కల మొదళ్లను కాలితో బురదలోనికి నొక్కుదురు. ఇది చిన్న పనియే గాని విడువరాదు.

ఇక అమ్మకము. వరివలె దీనిని ఎచ్చటబడిన నచ్చట కొనువారు లేరు. మూలికల వర్తకులతో ముందుగా మాటాడి, వీలైనచో సభ్యులు పలువురు సంఘము ద్వారా కలిసి ధర నిర్ణయించుకొని, పిమ్మటనే నాటవలెను. కొనువాడు లేని వస పశువుల మేతకైనను పనికిరాదు.

పండించువాడు దీని గుణమును గూడ నెరుగవలెను. వస తైలములో బీటా-అసరోన్ అను పదార్థము కలదు. దానివలన ఎలుకలకు ప్రేగులలో కంతులు పుట్టుట పరీక్షలలో కనబడెను. 1968లో అమెరికా ప్రభుత్వము ఆహారపదార్థములలో వసను నిషేధించెను. ఆయుర్వేద వైద్యులును శోధనము చేసియే వాడుదురు. కావున ఇంట పండినది గదా యని పచ్చికొమ్ము నరగదీసి బిడ్డ నోట పెట్టకుడు. మాటలు ఆలస్యమైన బిడ్డను వైద్యునికి చూపుడు. విత్తనముల కుంచిన కందులు, పెసలలో వసపొడి కలిపినచో పురుగు పట్టకుండును; ఆ పనికి మాత్రము నిశ్చింతగా వాడవచ్చును. అట్టి గింజలను వండుకొనరాదు.

పది పన్నెండు నెలలకు ఆకులు పసుపువారి యెండనారంభించును. అప్పుడు నీరు తీసివైచి, నేల పదునుగా నుండగనే త్రవ్వవలెను. గట్టిపడనిచ్చినచో కొమ్ములు విరుగును, కూలి రెట్టింపగును. కొమ్ములను కడిగి, పీచువేళ్లు కోసి, రెండు మూడంగుళముల ముక్కలుగా తరిగి యెండబెట్టి, గోనెపట్టతో రుద్దినచో పైపొరలు రాలును. త్రవ్వునపుడే చివర మొలకలు గల బలమైన కొమ్ములను వేరుచేసి, మరల నాటువరకు తడిమట్టి కప్పి యుంచవలెను.