కుళాయికీ కావాలి నక్షత్రాల గుర్తు

విద్యుత్ పరికరాలపై నక్షత్రాల గుర్తు మన దేశంలో 2006లో మొదలైంది. నేడు ఫ్రిజ్ కొనేవారు ముందుగా చూసేది ఆ గుర్తునే. కుళాయి, షవర్, ఫ్లష్ ట్యాంకుల విషయంలో మాత్రం మెరుపూ ధరా చూసి సరిపెట్టుకుంటారు. అది నిమిషానికి ఎన్ని లీటర్ల నీరు వదులుతుందన్న ప్రశ్న దుకాణాల్లో అరుదుగా వినిపిస్తుంది. అడిగినా, చాలాసార్లు ఆ సమాచారం పెట్టెపై ఉండదు. ఐ.ఎస్.ఐ. ముద్ర వస్తువు నాణ్యతకు హామీ ఇస్తుందే గాని, నీటి పొదుపులో ఒక రకానికీ మరొక రకానికీ ఉన్న తేడాను చెప్పదు.

ఈ లోటు తీర్చడానికే భారతీయ ప్రమాణాల సంస్థ 2021లో ఐ.ఎస్. 17650 ప్రమాణాన్ని రెండు భాగాలుగా వెలువరించింది. మొదటిది మరుగుదొడ్డి సామగ్రికి, రెండవది కుళాయిలు, షవర్ల వంటి అమరికలకు సంబంధించినది. మరుసటి ఏడాది కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ ‘భారత్ ట్యాప్’ కార్యక్రమాన్ని ప్రారంభించింది. అయితే ప్రభుత్వం విడిగా నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు జారీ చేస్తే తప్ప, ఇటువంటి ప్రమాణం ఉత్పత్తిదారుకు నిర్బంధం కాదు. చిక్కు ఇక్కడే ఉంది. ఆస్ట్రేలియా 2005లోనే చట్టం చేసి, నక్షత్రాలతో పాటు లీటర్ల అంకెను కూడా లేబుల్‌పై ముద్రించాలని ఆదేశించింది. సింగపూర్ 2009లో లేబుల్‌ను తప్పనిసరి చేసింది.

ఇంట్లో పొదుపునకు ఎక్కువ అవకాశం ఉన్నది మరుగుదొడ్డిలో. పాత ట్యాంకు ఒక్కసారి నొక్కితే పది లీటర్లో, అంతకు మించో పోతాయి. నలుగురున్న ఇంట్లో రోజుకు 20 సార్లు వాడితే 200 లీటర్లు. ఆరు, మూడు లీటర్ల రెండు మీటల ట్యాంకు ఉండి, నాలుగుసార్లు పెద్దది, పదహారుసార్లు చిన్నది నొక్కితే 72 లీటర్లు చాలు. మిగిలే 128 లీటర్లు, నగరాలలో ఒక మనిషికి రోజుకు నిర్దేశించిన 135 లీటర్లకు దాదాపు సమానం.

కుళాయి సంగతి ఇంత సూటిగా ఉండదు. మూతికి బిగించే ఏరేటర్ నీటిలో గాలిని కలిపి ధారను పలుచన చేస్తుంది. చేతులు కడిగేచోట, అంట్లు తోమేచోట అది నీటిని ఆదా చేస్తుంది. బకెట్ నింపే కుళాయికి దాన్ని బిగిస్తే నిండడం ఆలస్యమవుతుందంతే. బకెట్‌కు పట్టే నీరు మారదు. బకెట్ స్నానమే అలవాటైన మన ఇళ్లకు విదేశీ లెక్కలను యథాతథంగా అన్వయించడం పొరపాటు. పైగా ఒక అంతస్తు ఇంటిపై ట్యాంకు ఉంటే నీటి ఒత్తిడి తక్కువ. అక్కడ తక్కువ ప్రవాహపు షవర్ సన్నగా కారి విసుగు పుట్టిస్తుంది. బోరు నీటిలోని సున్నం ఏరేటర్ జల్లెడను మూసేస్తుంది కూడా. దానిని అప్పుడప్పుడు విప్పి నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో నానబెట్టి కడగాలి.

2024 మార్చిలో నీటి కొరత ముదిరినప్పుడు బెంగళూరు జలమండలి వాణిజ్య సంస్థలలో, అపార్ట్‌మెంట్లలో ఏరేటర్లను తప్పనిసరి చేసింది. ఆ నగరానికి కావేరి నీరు సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తిపోస్తేనే వస్తుంది. హైదరాబాద్ పరిస్థితీ అదే. కృష్ణా నీరు 100 కిలోమీటర్లకు పైగా, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీరు 150 కిలోమీటర్లకు మించి ప్రయాణించి చేరుతాయి. అంటే వృథా అయ్యే ప్రతి లీటరు వెంట కొంత విద్యుత్తు కూడా పోతుంది.

సామగ్రిని ఎంపిక చేసేది చాలావరకు బిల్డరు, లేదా ప్లంబరు. నీటి బిల్లు, ట్యాంకర్ ఖర్చు భరించేది ఇంట్లో ఉండేవారు. లేబుల్ పెట్టెపై స్పష్టంగా ఉంటేనే ఫ్లాట్ కొనేవారు ఆ ప్రశ్న అడగగలుగుతారు.

లేబుల్ లేని పాత కుళాయిని పరీక్షించడానికి ఒక లీటరు సీసా చాలు. పూర్తిగా తిప్పినప్పుడు సీసా ఐదు సెకన్లలో నిండితే నిమిషానికి 12 లీటర్లు. పది సెకన్లు పడితే ఆరు. ఫ్లష్ ట్యాంకులో నాలుగు చుక్కల రంగు వేసి అరగంట ఆగాలి. మీట నొక్కకుండానే కింద రంగు కనిపిస్తే, లోపలి రబ్బరు వాషర్ అరిగి నీరు చప్పుడు లేకుండా పోతున్నట్లే.