గెలాక్సీకి పొలిమేర ఎక్కడ?

నక్షత్రం వెలుగు కొలవడం కొంతవరకు తేలికే. ఎంత పెద్ద టెలిస్కోప్‌లో చూసినా దాదాపు ప్రతి నక్షత్రం చుక్కే. గాలి కదలికల వల్ల ఆ చుక్క కాస్త అలుక్కుపోయినా, పక్కపక్కనున్న నక్షత్రాలన్నీ ఒకే తీరుగా అలుక్కుపోతాయి కాబట్టి లెక్క కుదురుతుంది. గెలాక్సీ అలా కాదు. నడిమధ్య దట్టంగా మొదలై, బయటికి పోయేకొద్దీ పలచబడుతూ, ఎక్కడా తెగకుండా చీకట్లో కలిసిపోతుంది. హైదరాబాద్ ఎక్కడ ముగుస్తుందని అడిగితే ఏం చెబుతాం? మేడలు తగ్గి, ఇళ్లు దూరదూరమై, ఖాళీ ప్లాట్లు వచ్చి, ఆ తర్వాతెప్పుడో పొలాలు కనిపిస్తాయి. చివరికి సర్కారు కాగితం మీద గీసిన గీతే హద్దు. గెలాక్సీకి ఆ గీత గీయాల్సింది ఖగోళ శాస్త్రజ్ఞులు. గీత జరిగితే దాని వెలుగు అంకె కూడా మారిపోతుంది.

ఆ అంకె పేరు మాగ్నిట్యూడ్. ఇందులో అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. కొత్తవాళ్లను తికమకపెట్టే ఈ తిరకాసు ప్రాచీన గ్రీకుల నాటిది. బాగా మెరిసే నక్షత్రాలను వాళ్లు మొదటి తరగతి అన్నారు, కంటికి ఆనీ ఆననివి ఆరో తరగతి. 1856లో నార్మన్ పోగ్సన్ దీనికి గట్టి లెక్క కట్టాడు: 5 మాగ్నిట్యూడ్‌ల తేడా అంటే వెలుగులో సరిగ్గా 100 రెట్ల తేడా. ఆయన 1861లో మద్రాసు అబ్జర్వేటరీకి వచ్చి, 1891లో చనిపోయేదాకా అక్కడే పనిచేశాడు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఆయన చూసింది మన మచిలీపట్నం నుంచే.

పోగ్సన్ కొలబద్దను కోట్ల గెలాక్సీల మీద పెట్టి చూసిన పని స్లోన్ డిజిటల్ స్కై సర్వే. అమెరికాలోని న్యూ మెక్సికో కొండల మీద, అపాచీ పాయింట్ దగ్గర దీని టెలిస్కోప్ ఉంది. అద్దం వ్యాసం 2.5 మీటర్లే. ఆ కాలానికే అది పెద్దదేమీ కాదు. గొప్పంతా కెమెరాది. అందులో కాంతిని నమోదు చేసే చిప్‌లు, అంటే సీసీడీలు, 30 ఉన్నాయి, ఆరు వరుసల్లో ఐదేసి చొప్పున. వరుసలోని ఒక్కో సీసీడీకి ఒక్కో రంగు ఫిల్టర్. ఆకాశం కెమెరా మీదుగా జారిపోయేలా టెలిస్కోప్‌ను నడిపేవారు. ప్రతి గెలాక్సీ ఐదు ఫిల్టర్లనూ వరసగా దాటిపోయేది, ఒక్కోదాంట్లో 54 సెకన్లు. 1998లో మొదలై 2009లో కెమెరా విశ్రాంతి తీసుకునేనాటికి ఆకాశంలో దాదాపు మూడోవంతు ఇలా చిత్రాలకెక్కింది.

ఇవాళ్టి గాలి నిన్నటిలా ఉండదు. అందుకని వేర్వేరు రాత్రుల చిత్రాల పట్టీలు ఒకదాని మీదికి ఒకటి వచ్చే చోట్ల, అవే నక్షత్రాలను మళ్లీ మళ్లీ పోల్చి కొలతలన్నిటినీ ఒక దారికి తెచ్చారు. నిఖిల్ పద్మనాభన్ బృందం 2008లో ప్రకటించిన ఈ సవరణతో నాలుగు ఫిల్టర్లలో పొరపాటు ఒక శాతం దగ్గరికి దిగింది.

మరి హద్దు మాటేమిటి? ఇంత మసక దాకా లెక్కిస్తాం, ఆపైన వదిలేస్తాం అని అందరికీ ఒకే గీత పెడితే దూరపు గెలాక్సీలకు అన్యాయం జరుగుతుంది. విశ్వం విస్తరిస్తోంది కాబట్టి దూరం పెరిగేకొద్దీ గెలాక్సీ ఉపరితలమే మసకబారుతుంది, దాని అంచులు ముందే గీత కిందికి పోతాయి. ఈ చిక్కుకు స్లోన్ బృందం పట్టుకున్న దారి వాహే పెట్రోసియన్ 1976లో చేసిన ఆలోచన. గెలాక్సీ కేంద్రం నుంచి బయటికి వలయాలు గీసుకుంటూ పోతారు. వలయంలోని వెలుగును, దాని లోపలి భాగమంతటి సగటు వెలుగుతో పోలుస్తారు. అది సగటులో ఐదోవంతుకు పడిపోయిన చోట ఆగి, ఆ వ్యాసార్ధానికి రెట్టింపు వృత్తం గీసి, లోపలి కాంతినంతా కూడతారు. చూసేది నిష్పత్తిని కాబట్టి, దూరం వల్ల వచ్చే మసక పైనా కిందా కొట్టుకుపోతుంది. తెలివైన ఉపాయమే, కానీ లోటు లేకపోలేదు. చదునైన సర్పిల గెలాక్సీల కాంతి దాదాపు మొత్తం లెక్కకొస్తుంది. అంచులు ఎంతో దూరం సాగే దీర్ఘవృత్తాకార గెలాక్సీల్లో మాత్రం దాదాపు 82 శాతమే చిక్కుతుంది. అందుకే స్లోన్ జాబితాలో ఒకే గెలాక్సీకి, ఒకే రంగులో, ఒకటికి మించి మాగ్నిట్యూడ్‌లు కనిపిస్తాయి. కొన్ని ఇలా కూడినవి, కొన్ని ముందే అనుకున్న సూత్రాన్ని గెలాక్సీ మీద అమర్చి తీసినవి. ఏది వాడామో చెప్పని పరిశోధన పత్రాన్ని నమ్మడం కష్టం.

అసలు పోరు ఆకాశంతోనే. వెన్నెల లేని రాత్రి కూడా ఆకాశం పూర్తి నలుపు కాదు. పైవాతావరణంలోని అణువులు, పరమాణువులు సన్నగా వెలుగుతుంటాయి, గ్రహాల నడుమ ఉన్న దుమ్ము సూర్యకాంతిని చెదరగొడుతుంది. గెలాక్సీ అంచులు ఈ నేపథ్యం కన్నా 100 రెట్లు మసకగా ఉండొచ్చు. కాబట్టి పక్కనున్న ఖాళీ ఆకాశాన్ని కొలిచి తీసివేయాలి. గెలాక్సీ పెద్దదైతే ఖాళీ అనుకున్న చోట కూడా దాని కాంతే పరుచుకుని ఉంటుంది, అంటే గెలాక్సీలోంచి గెలాక్సీనే తీసేసినట్టు. స్లోన్ తొలి విడుదలల్లో పెద్ద గెలాక్సీల దగ్గర ఈ తప్పు దొర్లింది. 2011 నాటి విడుదలలో తీసివేత పద్ధతిని మార్చారు. 2013లో మరియంజెలా బెర్నార్డి బృందం కాంతిని మరింత ఒదిగే సూత్రాలతో కొలిచి చూస్తే, అతి ప్రకాశవంతమైన గెలాక్సీల సంఖ్య అంతకుముందు అనుకున్నదానికన్నా చాలా పెరిగింది. గెలాక్సీలు ఎలా పుట్టి పెరిగాయో చెప్పే సిద్ధాంతాలను పరీక్షించేది ఈ సంఖ్యలతోనే. అంటే సిద్ధాంతం తప్పని తేల్చేముందు తీసివేతను సరిచూసుకోవాలి.

చిత్రాల్లో గెలాక్సీలను గుర్తించే సాఫ్ట్‌వేర్ చేసే చిలిపి పనులు కూడా ఉన్నాయి. దగ్గరున్న పెద్ద సర్పిల గెలాక్సీని అది ముక్కలు చేసి, చేతుల్లో కొత్త నక్షత్రాలు పుట్టే నీలి ముద్దలను వేరే గెలాక్సీలుగా రాసుకున్న సందర్భాలు కొల్లలు.

ఇక మొత్తంగా మసకైనవి జాబితాకే ఎక్కవు. 2015లో న్యూ మెక్సికోలోనే, కెమెరా టెలిఫోటో లెన్సులను గుత్తిగా అమర్చిన డ్రాగన్‌ఫ్లై అనే పరికరం కోమా గెలాక్సీ గుంపులో 47 అతిపలచని గెలాక్సీలను పట్టింది. వాటిలో కొన్ని పరిమాణంలో మన పాలపుంతకు సాటి, నక్షత్రాల్లో మాత్రం కటిక పేదలు. పెద్ద అద్దాలకు అవి తేలిగ్గా చిక్కకపోవడానికి కారణం శక్తి చాలకపోవడం కాదు, అద్దాల్లో చెదిరే కాంతి వాటిని కప్పేయడం.

చిలీలోని వెరా రూబిన్ అబ్జర్వేటరీ తొలి చిత్రాలు 2025 జూన్‌లో బయటికొచ్చాయి. 8.4 మీటర్ల అద్దం, 3,200 మెగాపిక్సెళ్ల కెమెరా. పదేళ్లలో సుమారు 2,000 కోట్ల గెలాక్సీలను అది నమోదు చేస్తుందని అంచనా. అంత లోతుకు వెళ్తే గెలాక్సీలు ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తాయి, ఏ కాంతి ఏ గెలాక్సీదో విడదీయడమే పెద్ద పని అవుతుంది. ఆ తొలి చిత్రాల్లోనే ఎం61 అనే సర్పిల గెలాక్సీ నుంచి బయటికి సాగిన ఒక పొడవాటి నక్షత్రధార బయటపడింది. అది ఎం61 చీల్చిన ఓ చిన్న గెలాక్సీ అవశేషమని భావిస్తున్నారు. ఆ ధార వెలుగును ఎం61 ఖాతాలో వేయాలా, చిన్నదాని పేరిట విడిగా రాయాలా అన్నది రూబిన్ జాబితా తయారుచేసేవాళ్లు ముందుగా నియమం పెట్టుకోవాల్సిన విషయం.