పెరటికోళ్ళను పీడించు పురుగులు

బరంపురము పేటలలోను, గంజాము మండలపు పల్లెలలోను పెరటిలో నాలుగు నాటుకోళ్ళను పెంచుకొను కుటుంబములు మనలో ననేకములు. ఆ గ్రుడ్ల డబ్బు బిడ్డల పుస్తకములకు అక్కఱకు వచ్చుచుండును. కొక్కెర తెగులు సోకి కోళ్ళు చచ్చినచో ఊరంతయు తెలియును. పేలును, క్రిములును చేయు నష్టము అట్లు బయటపడదు. కోడి చిక్కిపోవును, గ్రుడ్లు తగ్గును, పిల్లలు ఎదుగవు. ఇంటివారు దిష్టి యనుకొని ఊరకుందురు.

ఏ పురుగు ఎచ్చట కాపురముండునో తెలియనిదే మందువలన ఫలము లేదు. పేను కోడిని విడిచి బ్రదుకజాలదు. ఈకల మొదళ్ళలో, ముఖ్యముగా గుదము చుట్టును, తెల్లని గ్రుడ్లను గుత్తులుగా పెట్టును. కావున పొడిమందు కోడిమీదనే చల్లవలెను. మందునకు గ్రుడ్లు చావవు గనుక పది దినములకు మరల చల్లవలెను.

నల్లివలె నుండు చిన్న ఎఱ్ఱపురుగు తీరు వేఱు. అది పగలంతయు గూటి పగుళ్ళలో, వెదురుగంప సందులలో దాగి, రాత్రి వెడలి నెత్తురు త్రాగును. పగలు కోడిని పట్టి చూచినవారికి ఒక్కటియు కానరాదు! రాత్రి దీపముతో చూడవలెను. పొదుగుకోడి నడుమ లేచిపోవుటకు దీని బాధ యొక కారణము. గూటిని ఖాళీచేసి, కాగిన నీళ్ళు పోసి, పగుళ్ళు పూడ్చి, సున్నము కొట్టవలెను. పాతగంపను కాల్చివేయుటయే మేలు. క్రొత్తగంప వెల చచ్చిన పిల్లల వెలకంటె ఎక్కువ కాదు.

కడుపులోని ఏలికపాము మూడు నాలుగంగుళములు పెరుగును. దాని గ్రుడ్లు రెట్టతో నేలబడి, తడినీడలో రెండు మూడు వారములకు పక్వమై, గింజలతోపాటు మరల కోడి కడుపున చేరును. మూడు నెలలు నిండని పిల్లలకే బాధ అధికము. వానకాలమున మన పెరళ్ళు ఆరవు గనుక అప్పుడు రెట్టను ప్రతిదినము ఎత్తివేయవలెను. నూకలు, చోళ్ళు నేలపై చల్లక మూకుడులో పెట్టవలెను.

బద్దెపురుగు చీమలద్వారా, పేడపురుగులద్వారా సంక్రమించును. తిరుగు కోడిని చీమ తినకుండ ఆపుట మనవలన గాదు. పిపరజీను ఏలికపామును పడగొట్టును గాని బద్దెపురుగును కదలింపదు. అందుచే రెట్టలో బియ్యపుగింజలవంటి తెల్లని ముక్కలు కనబడినచో ఆ సంగతి పశువైద్యునికి తప్పక చెప్పవలెను. మందిచ్చిన పిదప గ్రుడ్లు ఎన్నాళ్ళు తినరాదో కూడ అడుగవలెను. కొక్కెర టీకాకు వారము పది దినముల ముందే క్రిములమందు పట్టించుట మంచిది. క్రిములతో నీరసించిన కోడికి టీకా చక్కగా పట్టదు.

పశువైద్యశాలలో ఒడియా మాటలాడుటకు జంకువారు కొందఱున్నారు. కోడిని వారు కుకుడా యందురు. మన క్రిమి వారికి కృమి. పొట్లముపై ఒడియాలో వ్రాసియిచ్చిన మోతాదును, ఆ భాషయు నేర్చుచున్న మన పిల్లలచే చదివించుకొనవచ్చును.