కాఫీ గింజ మంచీ చెడూ

కాఫీ గింజ నాణ్యతను పచ్చిగా ఉన్నప్పుడే చూడాలి. వేయిస్తే దాదాపు అన్నీ ఒకే రంగుకు వస్తాయి, పొడి కొడితే ఇక ఆనవాలే దొరకదు. ముందుగా ఆ గింజ ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. చిత్తూరు నుంచి బెంగళూరు వెళ్లే దారిలో, దాదాపు 680 మీటర్ల ఎత్తున ఉన్న పలమనేరులో చల్లదనం ఉంది గానీ కాఫీ తోటకు సరిపడే వాన లేదు. ఇక్కడ తాగే కాఫీ అంతా బయటి కొండల నుంచి రావలసిందే. పడమట చిక్కమగళూరు, కొడగు ఉన్నాయి. సొంత రాష్ట్రంలో పండేది మాత్రం చాలా దూరాన, అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పాడేరు, అరకు, చింతపల్లి కొండల్లో. అక్కడి గిరిజన రైతులు సిల్వర్ ఓక్ నీడన పెంచే అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

చూడవలసిన మొదటి సంగతి జాతి. అరబికా గింజ కాస్త పొడవు, నడుమ గీత వంకర తిరిగి ఉంటుంది. రొబస్టా గుండ్రంగా ఉంటుంది, గీత తిన్నగా ఉంటుంది. అరబికాలో కెఫీన్ సుమారు 1.2 శాతం, రొబస్టాలో దానికి దాదాపు రెట్టింపు. సువాసన, సన్నని పులుపు అరబికావి. చిక్కదనం, చేదు రొబస్టావి. రొబస్టా అనగానే నాసిరకం అనుకోవడం పొరపాటు. పాలు ఎక్కువ పోసి తాగే మన కాఫీలో డికాషన్ నిలబడాలంటే మంచి రొబస్టా కొంత కలవడమే మేలు.

తరవాతి ప్రశ్న, పండు నుంచి గింజను ఎలా తీశారన్నది. కోసిన రోజే గుజ్జు తీసి, పులియబెట్టి, కడిగి ఆరబెట్టినది పార్చ్‌మెంట్. పండును పండుగానే ఎండబెట్టి దంచినది చెర్రీ. కడిగిన అరబికాను వ్యాపారంలో ప్లాంటేషన్ అంటారు. దాని పక్కన ఉండే ఏఏ, ఏ, బి, సి అక్షరాలను చూసి చాలామంది మోసపోతారు. అవి ముఖ్యంగా జల్లెడ కొలతలు. ‘ఏ’ అంటే గింజ పెద్దదని, రుచి గొప్పదని కాదు. కొలత ఒకటిగా ఉంటే గింజలు సమంగా వేగుతాయి, లాభం అంతవరకే. పీబీ అని రాసి ఉంటే అది పీబెర్రీ: పండులో రెండు గింజలకు బదులు ఒక్కటే గుండ్రంగా పెరిగినది. దానికి ధర ఎక్కువే గానీ, చెడ్డ తోటలో పుట్టిన పీబెర్రీ చెడ్డదే.

అసలు పరీక్ష లోపాలను ఏరడంలో ఉంది. గుప్పెడు పచ్చి గింజలు తెల్లకాగితం మీద పోసి వెలుతురులో చూడాలి. బాగా కడిగి ఆరబెట్టిన అరబికా నీలం కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. పాతబడితే పాలిపోయి గడ్డి రంగుకు దిగుతుంది. పూర్తిగా నల్లబడిన గింజ, పులిసి ఎర్రబారిన గింజ పెద్ద లోపాలు. సూదిమొనంత రంధ్రం కనిపిస్తే అది కాయతొలుచు పురుగు పని. మన దేశంలో 1990లో నీలగిరి ప్రాంతంలో బయటపడిన ఈ పురుగు 2025లో అరకులోనూ కనిపించింది. విరిగిన ముక్కలు, తాలు గింజలు చిన్న లోపాల కిందికి వస్తాయి. అంతర్జాతీయంగా స్పెషాలిటీ, అంటే మేలిరకం, అనిపించుకోవాలంటే 350 గ్రాముల నమూనాలో పెద్ద లోపం ఒక్కటీ ఉండకూడదు, చిన్నవి లెక్కకు 5 దాటకూడదు.

తేమ 10 నుంచి 12 శాతం మధ్య ఉండాలి. యంత్రం లేనిచోట పంటితో కొరికి చూస్తారు. బాగా ఆరిన గింజ మీద పంటిగాటు పడదు. తేమ మిగిలితే బూజు పడుతుంది. గోనెసంచిలో ముక్కిన వాసన వచ్చిందంటే ఆ సరుకును వదిలేయాలి. ఎంత వేయించినా ఆ వాసన కప్పులోకి వస్తుంది.

కంటికి నచ్చిన గింజకు చివరి తీర్పు నాలుకదే. రుచి నిపుణులు 150 మిల్లీలీటర్లకు 8.25 గ్రాముల చొప్పున పొడి వేసి, 93 డిగ్రీల వేడినీళ్లు పోస్తారు. నాలుగు నిమిషాలు ఆగి, పైన కట్టిన తెట్టును చెంచాతో చీల్చి వాసన చూస్తారు. చల్లారేకొద్దీ జుర్రి చూస్తారు, ఎందుకంటే వేడిలో దాగిన లోపం చల్లారితే బయటపడుతుంది. ఒకే సరుకుకు ఐదు కప్పులు పెట్టడంలోనూ అర్థముంది: ఒక్క పాడు గింజ ఒక్క కప్పునే చెరుపుతుంది, అప్పుడు మిగతా నాలుగింటితో తేడా తెలుస్తుంది. నూటికి 80 మార్కులు, అంతకు మించి వచ్చినదే స్పెషాలిటీ.

పలమనేరు బజారులో కొనేవారికి ఈ కప్పులూ మార్కులూ అందుబాటులో ఉండవు, అయినా చేయగలిగింది ఉంది. వేయించిన గింజల్లో పాలిపోయినవి కనిపిస్తే అవి పండని కాయలవి. నమిలితే వేరుశనగ పొట్టు రుచి వస్తుంది. బొగ్గులా నల్లగా మాడ్చిన గింజను అనుమానించాలి, మాడు వాసన కింద ఎన్ని లోపాలైనా దాగుతాయి.

పొడి దగ్గరకు వస్తే చికోరీ లెక్క చూసుకోవాలి. చికోరీ కలపడం తప్పు కాదు. అయితే చట్టం ప్రకారం మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఏది ఎంతో ప్యాకెట్ మీద రాయాలి. గ్లాసు నీళ్ల మీద చిటికెడు పొడి చల్లితే కాఫీ కాసేపు తేలుతుంది, చికోరీ రంగు చారలు వదులుతూ వెంటనే దిగిపోతుంది. చింతగింజల పొడి కలిపే కల్తీ కూడా ఉంది. దాన్ని ఈ నీళ్ల పరీక్ష ఖాయంగా పట్టివ్వదు, ప్రయోగశాలకు పంపాలి. అందుకే గింజలను కళ్ల ముందు పొడి కొట్టించుకోవడం, అదీ రెండు వారాలకు సరిపడా మాత్రమే కొనడం అన్నిటికన్నా క్షేమం.