రెండూ ఒప్పే, కలిస్తే తప్పు!

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక బడిలో జరిగిన సంగతి ఇది. టైంటేబులు తయారుచేసి తలా ఒక కాపీ ఇచ్చారు. నేను నా కాపీలో 8వ తరగతి ప్రయోగాలను గురువారం ఆఖరి పీరియడుకు మార్చాను. ఆ వేళకు లాబొరేటరీ ఖాళీయే. మరొక మాస్టారు తన కాపీలో 9వ తరగతి ప్రయోగాలను అదే పీరియడుకు మార్చారు. ఆయన కాపీలోనూ లాబొరేటరీ ఖాళీయే! నేను రాసింది 8వ తరగతి వరుసలో, ఆయన రాసింది 9వ తరగతి వరుసలో. గుమాస్తాగారు రెండు మార్పులనూ కలిపి శుభ్రంగా సాపు ప్రతి రాశారు. ఒక్క కొట్టివేత కూడా రాలేదు. గురువారం నాడు మాత్రం ఒకే గది ముందు రెండు తరగతుల పిల్లలు నిలబడ్డారు.

తప్పెవరిది? కాసేపు ఆలోచించి ముందుకు చదవండి.

కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవారికి ఈ చిక్కు తరచూ ఎదురవుతుంది. పెద్ద ప్రోగ్రామును వందలమంది కలిసి రాస్తారు. ప్రతివారూ అసలు ప్రతికి ఒక నకలు తీసుకొని, అందులో మార్పు చేసి, "నా మార్పును అసలులో కలుపుకోండి" అని అడుగుతారు. ఈ అభ్యర్థననే పుల్ రిక్వెస్టు అంటారు. కలిపే పనికి ఎక్కువమంది వాడే సాధనం గిట్. లినస్ టోర్వాల్డ్స్ 2005లో, లినక్స్ తయారీ కోసం దీనిని రాశాడు. ఇద్దరూ ఒకే పంక్తిని వేర్వేరుగా మారిస్తే గిట్ ఆగిపోయి మనిషిని అడుగుతుంది. పంక్తులు దూరదూరంగా ఉంటే మా గుమాస్తాగారిలాగే మాట్లాడకుండా కలిపేస్తుంది.

అయితే పరీక్షలు ఉండవా? ఉంటాయి. రిక్వెస్టు రాగానే ఒక యంత్రం ఆ నకలును నడిపి, జవాబులు ముందే తెలిసిన ప్రశ్నలు వేస్తుంది. అన్నీ సరిపోతే పచ్చ గుర్తు పెడుతుంది. అసలులో కలిసిన ప్రోగ్రామును మరొక యంత్రం, మనిషి చేయి పడకుండానే, వాడుకరుల దగ్గరికి చేర్చేస్తుంది. అందుకే ఇక్కడ జరిగే పొరపాటు గది ముందు తోపులాటతో ఆగదు.

ఒక ఆసుపత్రిలో రోగుల జ్వరం చూసే ప్రోగ్రాము ఉందనుకుందాం. అందులో ఉష్ణోగ్రత ఫారన్‌హీట్ డిగ్రీలలో ఉంటుంది. ఒకామె దానిని సెల్సియస్‌కు మార్చి, ఆ అంకెను వాడే చోట్లన్నీ జాగ్రత్తగా సరిదిద్దింది. అదే పూట మరొకతను, అంకె 104కు చేరితే గంట మోగాలని కొత్త భాగం రాశాడు. ఆమె నకలులో గంటే లేదు, పరీక్షలు నెగ్గాయి. అతని నకలులో ఇంకా ఫారన్‌హీటే, అవీ నెగ్గాయి. రెండు పచ్చ గుర్తులు! రెండూ అసలులో కలిశాయి. ఇప్పుడు రోగికి 104 డిగ్రీల జ్వరం వస్తే యంత్రం చూపేది 40. గంట 104 కోసం కాచుకొని కూర్చుంటుంది. 104 డిగ్రీల సెల్సియస్ అంటే నీరు మరిగే వేడికంటే ఎక్కువ! ఆ గంట ఎప్పటికీ మోగదు.

పచ్చ గుర్తు అబద్ధం చెప్పలేదు. అది పొద్దుటి అసలు ప్రతిని బట్టి చెప్పిన జవాబు. సాయంత్రానికి అసలే మారిపోయింది.

దీనికి విరుగుడు తెలిసినవారు ముందే ఉన్నారు గాని, చాలామందికి చేరవేసినవాడు గ్రేడన్ హోర్. రస్ట్ అనే ప్రోగ్రామింగు భాషను మొదలుపెట్టింది ఆయనే. రస్ట్ కోసం బోర్స్ అనే మరప్రోగ్రామును కాపలా పెట్టాడు. అది రిక్వెస్టులను వరుసలో నిలబెడుతుంది. ముందున్నదాన్ని నేటి అసలుతో విడిగా కలిపి, ఆ కలిసిన ప్రతిని పరీక్షిస్తుంది. నెగ్గితే సరిగ్గా ఆ ప్రతే కొత్త అసలవుతుంది. ఆ తరువాతే రెండవదాని వంతు. ఇదేమీ బ్రహ్మవిద్య కాదనే అర్థం వచ్చే పేరుతో 2014లో ఆయన ఈ నియమాన్ని వివరించాడు. ఇలాంటి వరుసను గిట్‌హబ్ సంస్థ కూడా 2023లో తన సేవల్లో చేర్చింది.

ఇబ్బంది ఒక్కటే: కాలం. ఒక్కొక్క పరీక్షకు గంట పడితే 8 రిక్వెస్టులకు 8 గంటలు. జూల్ అనే మరొక సాధనం ఇక్కడ తెలివిగా పందెం కాస్తుంది. ముందున్నవన్నీ నెగ్గుతాయని అనుకొని ఒకటిని, ఒకటి-రెండును, ఒకటి-రెండు-మూడును, ఇలా 8 కలయికలనూ వేర్వేరు యంత్రాలపై ఒకేసారి పరీక్షిస్తుంది. అన్నీ మంచివైతే గంటలో పని ముగుస్తుంది. మూడవది చెడ్డదైతే మొదటి రెండూ కలిసిపోతాయి, దానిని తీసేసి మిగిలిన అయిదింటినీ మళ్ళీ పరీక్షిస్తారు. అప్పటికీ మొత్తం 2 గంటలే. కరెంటు ఖర్చు మాత్రం పెరుగుతుంది!

రస్ట్‌వారు చిన్న మార్పులను ఒక మూటగా కట్టి ఒకే పరీక్ష పెడతారు. మూట తప్పితే దోషిని వెదకాలి. నకిలీ నాణెం లెక్కలాగా 8ని 4గా, 2గా, 1గా సగాలు చేస్తే 3 పరీక్షల్లో దొరుకుతుంది కదా అంటారు మీరు. దోషి ఒక్కటే అయితే దొరుకుతుంది. రెండవదీ ఏడవదీ కలవడంవల్ల పుట్టిన తప్పయితే? విడివిడిగా చూస్తే మొదటి సగమూ మంచిదే, రెండవ సగమూ మంచిదే! అందుకే రెండవ సగాన్ని మొదటి సగంపై కలిపి పరీక్షించాలి.

వాడుకరులకు చేర్చే చోట మరో మెలిక ఉంది. నెమ్మదిగా నడిచిన పాత ప్రతి, ముందే చేరిన కొత్త ప్రతిపై వచ్చి పడవచ్చు. అందుకని అక్కడ ఒకసారికి ఒక్కదాన్నే నడవనిస్తారు. పాతబడిన పరీక్షను మధ్యలో ఆపేసినా నష్టం లేదు గాని, సగం చేరిన ప్రోగ్రామును అలా వదిలేయకూడదు.

మా బడిలో మరుసటి ఏడాది కాపీలు పంచలేదు. ఆఫీసు గదిలో ఒకే టైంటేబులు అతికించి, మార్పు కావలసినవారు ఒక్కొక్కరే వచ్చి రాయాలన్నారు. నేను వెళ్ళేసరికి గురువారం ఆఖరి పీరియడు నిండిపోయి ఉంది. 8వ తరగతి ప్రయోగాలను శనివారం పొద్దుటికి రాసి వచ్చాను.