లేపాక్షి కప్పు క్రింద ఒక పాఠము

హిందూపురమునకు తూర్పున సుమారు 15 కిలోమీటర్ల దూరమున లేపాక్షి గ్రామము కలదు. 2022వ సంవత్సరము వఱకు ఇది అనంతపురము జిల్లాలోనిది. ఆ యేట జిల్లాలను విభజించినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినను నేల మారలేదు. అదే ఎఱ్ఱనేల, అవే బోడిగుట్టలు, అదే వేరుసెనగ, వానకై అదే ఎదురుచూపు. ఈ సీమ ఉన్నత పాఠశాలల నుండి విద్యార్థులు విహారయాత్రకై ఇచ్చటికి వచ్చుచుందురు. ఏకశిలా నంది ముందు ఫోటో తీయించుకొందురు. వ్రేలాడు స్తంభము క్రింద గుడ్డను దూర్చి ఆశ్చర్యపడుదురు. పులిహోర పొట్లములు విప్పి, తిని, బస్సెక్కుదురు. మండపపు కప్పువైపు తలయెత్తి పదినిమిషములు చూచినవారు మాకు అరుదుగా కనబడిరి.

ఇందుకు పిల్లలను నిందింపరాదు. పదవ తరగతి పబ్లిక్ పరీక్షలలో చిత్రకళకు వేఱుగా ప్రశ్నపత్రము లేదు. చరిత్ర పాఠమున విజయనగర రాజుల యుద్ధములు వచ్చును, తెలుగు పాఠమున భారతకథలు వచ్చును, చిత్రలేఖనపు గంటలో పూలకుండీ వచ్చును. ఈ మూడును ఒకేచోట కలిసియున్న కప్పు తమ ఊరికి బస్సు దూరముననే యున్నదని వారికి చెప్పువారు లేరు.

వీరభద్రస్వామి ఆలయము కూర్మశైలమను గుట్టపై నున్నది. అచ్యుతదేవరాయలు రాజ్యమేలిన కాలమున, అనగా 1529 నుండి 1542 వఱకు గల నడుమ, రాయల కొలువులో అధికారియైన విరుపణ్ణ, అతని సోదరుడు వీరణ్ణ దీనిని పెంపొందించిరి. ఆ సోదరులిరువురి రూపములును కప్పుమీద చిత్రింపబడియున్నవి. పార్వతీ కల్యాణము, ద్రౌపదీ స్వయంవరము, పందికై అర్జునునితో పోరు కిరాతరూపుడగు శివుడు అచ్చట కలరు. రథము క్రిందపడి దూడ చనిపోగా, ఆవుకు న్యాయము చేయబూని కన్నకొడుకునకే శిక్ష విధించిన చోళరాజు కథయు కలదు. ఈ కథను ముందుగా చెప్పి పిమ్మట బొమ్మను వెదకుమన్నచో, ఎనిమిదవ తరగతి బాలుడు మెడ నొప్పిని మఱచిపోవును.

కథ తెలిసిన పిమ్మట బట్టలను చూపవలెను. స్త్రీల చీరలపై గళ్ళు, పూవులు, చారలు, వెడల్పు అంచులు విడివిడిగా గీయబడినవి. ధర్మవరము ప్రాంతమున మగ్గము నెదుట పెరిగిన బిడ్డ ఈ అంచులను ఉపాధ్యాయుని కంటె ముందుగా పోల్చుకొనును. అట్టి సమయమున ఉపాధ్యాయుడు ఊరకుండి వినుట మంచిది. పురుషులలో కొందఱి తలలపై పొడవైన కుళ్ళాయిలున్నవి. ఈ మాట పారసీక భాష నుండి వచ్చినది. విజయనగర ప్రభువులకు సుల్తానులతో యుద్ధములే కాక, గుఱ్ఱపు బేరము, రాయబారము, వేషధారణ యందలి అనుకరణము కూడ నుండెనని ఆ టోపీ యొక్కటే సాక్ష్యము చెప్పును. పాఠ్యపుస్తకములోని యుద్ధముల పట్టికకు ఇది కొంత దిద్దుబాటు.

ఇంచుమించు ఆ తరముననే ఇటలీ దేశపు రోమునగరమున మైకెలాంజిలో ఒక ప్రార్థనామందిరపు కప్పుపై చిత్రములు వ్రాసెను. ఆ పని 1508లో మొదలై 1512లో ముగిసినది. రెండింటి ప్రతులను ప్రక్కప్రక్కన నుంచి పిల్లలకు చూపవచ్చును. అచ్చట వెలుగునీడలచేత దేహములు ఉబ్బెత్తుగా తోచును. ఇచ్చట గీతయే ప్రధానము. రంగు ఆ గీత లోపల చదునుగా నిలుచును. ముఖము ప్రక్కకు తిరిగియుండ, కన్ను మాత్రము పెద్దదై మనవైపు చూచును. ఏది గొప్పదని అడుగుట వ్యర్థము. ఎవరు ఏమి చెప్పదలచి ఏ పద్ధతి నెన్నుకొనిరని అడిగిన చర్చ సాగును.

ధనము మాట పెద్ద పిల్లలతో తప్పక మాటలాడవలెను. రాజధనమును ఆలయమునకు వెచ్చించెనన్న నిందపడి విరుపణ్ణ తన కన్నులను తానే పెఱికి గోడకు విసరెనని జనులు చెప్పుకొందురు. గోడపై ఎఱ్ఱని మరకలను చూపుదురు. ఇది ఐతిహ్యము. అసంపూర్తిగా నిలిచిన కల్యాణమండపము కంటికి కనబడు వాస్తవము. ఆలయమునకు గ్రామములను దానమిచ్చినట్లు ప్రాకారముపై శాసనములున్నవి. దానమిచ్చిన గ్రామమనగా ఆ ఊరి రైతు చెల్లించు పన్ను అని అర్థము. బుక్కరాయసముద్రము వంటి చెఱువులను త్రవ్వించినది కూడ విజయనగర ప్రభుత్వమే. చెఱువు నిండనిదే పన్ను లేదు, పన్ను లేనిదే ఈ కప్పుపై రంగు లేదు. కరవు నెఱిగిన ఇంటి పిల్లలకు ఈ లెక్క సులభముగనే పట్టుబడును.

లేపాక్షికి పోలేని పాఠశాలలకు ధర్మవరము చేరువనున్న నిమ్మలకుంట కలదు. ఇది తోలుబొమ్మల ఊరు. ఇచ్చటి కళాకారుల కుటుంబములు ఇంటిలో మరాఠీ మాటలాడుచు, తెరవెనుక తెలుగులో రామాయణ భారతములను పాడుచు వచ్చినవి. వీరిలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. మేకతోలును శుభ్రపఱచి, పలుచన చేసి, ఆరబెట్టి, బొమ్మను గీసి, ఉలితో నగలకు రంధ్రములు కొట్టి, రంగులద్దుదురు. వెనుక దీపముంచినచో ఆ రంధ్రములే నగలై మెఱయును. ప్రక్కకు తిరిగిన ముఖము, పెద్ద కన్ను ఇచ్చటను గలవు. లేపాక్షి చిత్రమును ముందు చూచిన బాలిక ఈ పోలికను తానే కనిపెట్టగలదు.

వానలు తప్పిన యేట విరాటపర్వమును ఆడించినచో వర్షము కురియునని పల్లెలలో నమ్మిక యుండెడిది. కరవు వచ్చినప్పుడే ఆటగాండ్రను పిలిచెడివారు. అట్లు కరవు కూడ వారికి కొంత కూడు పెట్టినది. సినిమా, టెలివిజను వచ్చిన పిదప ఆ పిలుపు సన్నగిల్లినది. ఇప్పుడు ఆ చేతులే ఎక్కువగా దీపపు గుమ్మటములను, గోడకు వ్రేలాడదీయు బొమ్మలను చేయుచున్నవి. ఇది పతనమా, బ్రతుకు తెరువా అను ప్రశ్నను తొమ్మిదవ తరగతి ముందు పెట్టి చూడుడు. మాకే దీనిపై ఏకాభిప్రాయము లేదు.

కళాకారుని పాఠశాలకు పిలిచినచో ఆ దినపు కూలిని, ప్రయాణపు ఖర్చును ఇచ్చి పిలువవలెను. పిల్లలకు ఉపకారమని చెప్పి ఊరకే ఆడింపరాదు.

లేపాక్షికి పోవువారు ఉదయముననే చేరుట మేలు. చరిత్ర, తెలుగు, చిత్రలేఖన ఉపాధ్యాయులు ముగ్గురును కలిసి పోవలెను. పదిమంది చొప్పున జట్లుచేసి, ఒక్కొక్క జట్టుకు కప్పులో ఒక్కొక్క పట్టీని అప్పగింపవలెను. స్తంభములను తాకనీయరాదు, గోడలపై పేర్లు చెక్కిన పూర్వులను అనుసరింపనీయరాదు. ఒక్కొక్కరు ఒక్క బొమ్మను మాత్రమే నోటుబుక్కులో గీయవలెను. ఎవరు చేయించిరి, ఏమి కట్టియున్నారు, ఏ రంగులు కలవు అను మూటికి జవాబు ప్రక్కనే వ్రాయవలెను. కొన్ని పట్టీలలో గచ్చు పెచ్చులూడి ముఖములు కానరావు. అట్టిచోట ఊహించి పూరింపక, కాగితమును ఖాళీగనే వదలి తేదీ వేయుమని చెప్పవలెను.