సముద్రశాస్త్రానికి స్వచ్ఛంద సంపాదకులు

2001 జనవరిలో ఆంగ్లంలోనూ, 2003 డిసెంబరులో తెలుగులోనూ మొదలైన వికీపీడియాలో సముద్రశాస్త్ర వ్యాసాలను రాసేవారు, దిద్దేవారు ప్రధానంగా వేతనం ఆశించని స్వచ్ఛంద కార్యకర్తలే. వారిలో పరిశోధకులతోపాటు, కడలి మీది మక్కువ తప్ప వేరే అర్హత లేని పాఠకులూ ఉంటారు. సొంత పరిశోధనను అక్కడ తొలిసారిగా ప్రకటించకూడదన్నది మూల నియమం కాబట్టి, తీరంలో కొత్త జీవిని కళ్లారా చూసిన శాస్త్రవేత్త సైతం దాని వర్ణన నమ్మదగిన పత్రికలో వెలువడేదాకా ఆగక తప్పదు.

ఈ పనిలోని అసలు కష్టం జీవుల పేర్ల దగ్గర తెలుస్తుంది. ఒకే ప్రాణిని వేర్వేరు కాలాల్లో పలువురు పలు శాస్త్రీయ నామాలతో వర్ణించి ఉంటే, వాటిలో నేడు చెల్లేది ఏదో తేల్చుకోవడానికి సంపాదకులు బెల్జియంలోని ఫ్లాండర్స్ సముద్ర సంస్థ నిర్వహించే ప్రపంచ సముద్రజీవుల పట్టికను, అంటే 'వర్మ్స్'ను, ఆశ్రయిస్తారు. అందులో చెల్లని పేరు వెదికినా దాని పక్కనే ఆమోదిత నామం కనిపిస్తుంది. దక్షిణాఫ్రికా తీరంలో దొరికిన నమూనాను బట్టి ఆండ్రూ స్మిత్ 1828లో వర్ణించిన తిమింగలపు సొర విషయంలో, 'రింకోడాన్' అన్న ప్రజాతి నామపు అక్షరక్రమం మీది వివాదం 1984లో గానీ తీరలేదు. మొప్పలతో శ్వాసించే ఈ చేపను ఎవరైనా తిమింగలాల వర్గంలో చేరిస్తే, ఆ పొరపాటును దిద్దడం మాత్రం నిమిషంలో అయ్యే పని.

బొమ్మల సంగతి కొంత సులువు. అమెరికా సమాఖ్య ప్రభుత్వ ఉద్యోగులు విధుల్లో భాగంగా తీసిన చిత్రాలకు ఆ దేశంలో కాపీరైటు ఉండదు కాబట్టి, అక్కడి సముద్ర, వాతావరణ సంస్థ 'నోవా' తీసిన లోతు సముద్రపు ఛాయాచిత్రాలు వికీమీడియా కామన్స్ అనే ఉమ్మడి భండారం ద్వారా తెలుగు వ్యాసాల్లోకీ నేరుగా వచ్చి చేరగలుగుతున్నాయి.